ఒక ట్యాంకు కోసం అర్జీ

మేజర్ గారికి,
మూడో నంబరు కాల్పుల మైదానంలో
గుంటలు లెక్కపెట్టే వీబ్కె రాసుకునే రెండో విన్నపం.

ఒక్క ట్యాంకును పంపండి.
వానలకి ముందు, ఒక్క పూటకి.
ఉత్తరపు గేటు నుంచి భూర్జ చెట్ల వరసదాకా వెళ్ళి
అదే గాడిలో వెనక్కి వస్తే చాలు.

నవ్వుతారని తెలుసు.
ఇరవై రెండేళ్ళ కిందట ఈ ముళ్ళకంచె బయట
"ట్యాంకులు వెనక్కి పొండి" అని
అట్ట మీద ఎర్ర రంగుతో రాసి నిలబడ్డ పిల్లని నేనే.
ఆ అట్ట ఇంకా మా షెడ్డులో ఉంది.
దాని మీద బంగాళాదుంపలు ఆరబోస్తాను.

మీ బండి యాభై టన్నుల బరువుతో
ఇసుకనీ బంకమట్టినీ కలిపి తొక్కిన చోట
నీరింకదు.
జానెడు లోతున నిలిచిన ఆ వాననీటిలో
వెల్లకిలా ఈదే రొయ్యలు పుడతాయి.
గాజు ఒళ్ళు, ఎర్రటి తోక కొస,
పదకొండు జతల కాళ్ళు ఆకాశానికేసి ఆడిస్తూ
కొన్ని వారాలు బతుకుతాయి.
గుంట ఎండితే అవి చస్తాయి, గుడ్లు చావవు.
దుమ్ములో దుమ్మై ఏళ్ళ తరబడి పడి ఉంటాయి.

చెరువుల్లో ఇవి లేవు, చేపలు తినేస్తాయి.
పొలాల్లో లేవు, మందులు తినేశాయి.
పార్కుల్లోనూ లేవు.
అక్కడ మేం నేలని మరీ ముద్దు చేస్తాం.

రెండు వసంతాలుగా మీ బండ్లు రావడం లేదు.
తూర్పుకి రైలెక్కాయని స్టేషన్లో చెప్పుకున్నారు.
ఎక్కడికని అడగను.
అక్కడా బంకమట్టి ఉంటుంది, అక్కడా గాళ్ళు పడుతుంటాయి,
వాటిలో నిలిచేదాన్ని
నేను లెక్కపెట్టలేను.

ఇక్కడ నిరుడు నలభై ఒక్క గుంటలు.
ఈ ఏడు పద్నాలుగు.
మిగతావి గడ్డి మూసేసింది. భూర్జ మొక్కలు మోకాలెత్తు లేచాయి.
హిన్నెర్క్ తన ట్రాక్టరు ఇస్తానన్నాడు,
కానీ ఎర్ర కొయ్యలు దాటకూడదు కదా,
పేలకుండా పడుకున్నవి ఎన్నున్నాయో నేలకే తెలియాలి.
అక్కడికి పోగలిగింది మీరొక్కరే.

గేజిన గురించి కూడా చెప్పాలి.
తొంభై దాటింది. ఏటా జూలైలో ఒక ఆదివారం
మీ జీపులోనే సమాధుల దగ్గరికి వస్తుంది.
ఆరేళ్ళప్పుడు వాళ్ళ ఊరు ఖాళీ చేయించారట.
ఒక ఆవు, రెండు పరుపులు, గోడగడియారం, అంతే.
ఇల్లున్న చోట ఇప్పుడు గురి చూసే దిబ్బ.
నేను సీసాలో రొయ్యని పట్టి చూపించబోతే
"మా నాన్న ఇక్కడ రై వేసేవాడు,
అప్పుడు ఇలాంటిదేదీ లేదు,
నన్ను వెళ్ళగొట్టి దీన్ని కాపురం పెట్టారన్న మాట" అంది.
నా దగ్గర జవాబు లేదు. నీళ్ళు నమిలాను.
తర్వాత తనే సీసా అందుకుంది.
కళ్ళజోడు తీసి, కంటికి ఆనించి,
జీపు హారన్ రెండుసార్లు మోగేదాకా చూసింది.
"తలకిందులుగా ఉండి కూడా బతుకుతోందే" అంది.
ఆ మాట రొయ్య గురించేనా అని అడగలేదు.

మొదటి అర్జీకి మీ జవాబు అందింది.
"ప్రస్తుతం వాహనాలు అందుబాటులో లేవు."
ముద్ర, సంతకం.
దాని కింద పెన్సిల్‌తో, చిన్న అక్షరాల్లో
"అవి ఎంత పొడవుంటాయి?" అని ఎవరో రాశారు.
మీరేనని అనుకుంటున్నాను.

మీ చిటికెనవేలి గోరు చూసుకోండి.
దానికి రెట్టింపు ఉండొచ్చు.
ఈ అగ్గిపెట్టెలో మూసుకుపోయిన గుంటల దుమ్ము
చిటికెడు పంపుతున్నాను.
పళ్ళెంలో వేసి వాననీళ్ళు పోయండి,
కుళాయి నీళ్ళు వద్దు.
రెండో రోజో మూడో రోజో, పొద్దున్నే,
లైటు వెయ్యకుండా
కిటికీ పక్కన పెట్టి చూడండి.